కరెంటు కూడా అమానతే

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త మహనీయ ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా! ఈ వారపు ప్రసంగాంశం విని మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. జుమా నాడు మింబర్ మీద నుండి నమాజు గురించో, పరలోకం గురించో చెప్పవలసింది పోయి కరెంటు బిల్లు గురించి మాట్లాడటమేమిటని అనుకోవచ్చు. అటువంటి వారికి మొదట ఒక సంగతి మనవి చేస్తున్నాము. రాత్రి పడుకునే ముందు దీపం ఆర్పమని మనకు మొట్టమొదట చెప్పినది విద్యుత్ శాఖ వారు కాదు, దైవప్రవక్త (స).

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయింది. ఇంటివారు లోపలే ఉన్నారు. ఆ వార్త తెలిసినప్పుడు దైవప్రవక్త (స), నిప్పు మీకు శత్రువు వంటిది, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయండి అని బోధించారు. మరొక సందర్భంలో పాత్రలపై మూతలు పెట్టమనీ, తలుపులు మూయమనీ, దీపాలు ఆర్పమనీ చెబుతూ, ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇంటిల్లిపాదినీ కాల్చివేయవచ్చునని కారణం కూడా వివరించారు. ఈ రెండు విషయాలూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. నూనె దీపం పోయి ఎల్‌ఈడీ బల్బు వచ్చింది. ఎలుక స్థానంలో వదులైన ప్లగ్గు, రాత్రంతా ఛార్జింగులో ఉంచిన ఫోను, నీళ్ళలో మరచిపోయిన హీటరు రాడ్ వచ్చాయి. ఆజ్ఞ మాత్రం మారలేదు.

ఇక అసలు విషయానికి వద్దాము. 2024 మార్చి నుండి మన రాష్ట్రంలో గృహజ్యోతి పథకం అమలవుతున్నది. ఆహార భద్రత కార్డు గల, అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో మన బస్తీలలో ఎన్నో ఇళ్ళకు దీనివలన ఊరట కలిగింది. రోజు కూలీపై బ్రతికే ఇంటికి, మగ్గం మీద ఆధారపడిన ఇంటికి నెలకు కొన్ని వందల రూపాయలు మిగలడం చిన్న విషయం కాదు. ఆ మేలును మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. అయితే ఈ పథకం వచ్చిన తరువాత మా చెవిన తరచుగా పడుతున్న మాట ఒకటి ఉన్నది. “హజ్రత్, మాకు ఫ్రీ కదా, తిరగనివ్వండి” అంటారు. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఎవరూ చూడని టీవీ నడుస్తూ ఉంటుంది.

బిల్లు మీద సున్నా ఉన్నంత మాత్రాన ఆ కరెంటుకు వెల లేదని అర్థం కాదు. మన ఇంటి బిల్లును మనకు బదులు ప్రభుత్వ ఖజానా విద్యుత్ సంస్థకు చెల్లిస్తుంది. ఖజానా అంటే అందరి సొమ్ము. అగ్గిపెట్టె కొన్న పేదవాడు కట్టిన పన్ను కూడా అందులో ఉన్నది. ఇస్లామీ పరిభాషలో దీనికి సమీపమైన మాట బైతుల్ మాల్. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మతుల్లాహ్ అలైహ్) ఖలీఫాగా ఉన్న కాలంలో, ప్రభుత్వ వ్యవహారం ముగిసి సొంత విషయం మాట్లాడవలసి వచ్చినప్పుడు ప్రభుత్వ దీపాన్ని ఆర్పించి సొంత దీపాన్ని వెలిగించుకున్నారని చరిత్రకారులు చెబుతారు. ఆ దీపంలో కాలిన నూనె ఎంత ఉంటుంది? ఒక చెంచా కూడా ఉండదేమో.

సోదరులారా! ఈ మూడు జిల్లాల వారికి కరెంటు ఎక్కడి నుండి వస్తుందో ఇతరులు చెప్పనవసరం లేదు. గద్వాల దగ్గర కృష్ణా నదిపై జూరాల ఆనకట్ట వద్ద 39 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. దాని దిగువన ఆత్మకూరు వైపు దిగువ జూరాలలో 40 మెగావాట్లవి మరో ఆరు ఉన్నాయి. నల్లమలలో శ్రీశైలం ఎడమ గట్టున కొండ కడుపులో 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. పైన ఆల్మట్టి, నారాయణపూర్ నిండి వరద దిగినప్పుడే ఇవి జోరుగా తిరుగుతాయి. మిగతా రోజులలో మన ఇంటి బల్బు ఎక్కువగా బొగ్గు మీదనే వెలుగుతుంది. ఒక్క యూనిట్ తయారీకి అర కిలోకు మించి బొగ్గు కాలుతుంది.

2020 ఆగస్టు 20 రాత్రి ఆ ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగాయి. లోపల చిక్కుకున్న తొమ్మిది మంది ఉద్యోగులు, కార్మికులు తిరిగి రాలేదు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, శ్రీశైలం జలాశయం నిండటం కోసం కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల కృష్ణా తీర గ్రామాలు ఖాళీ అయ్యాయి. పొలాలు, ఇళ్ళు, పెద్దల సమాధులు నీటి క్రిందికి పోయాయి. ఆ ఊళ్ళ నుండి వచ్చి స్థిరపడినవారి పిల్లలు, మనుమలు నేడు మన వరుసలలోనే నిలబడి నమాజు చేస్తున్నారు. వారి ముందు నిలబడి “కరెంటు ఊరికే వస్తున్నది” అనగలమా?

దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో (26, 27) దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్నది. అల్ ఆరాఫ్ సూరాలో (31) తినడాన్ని, త్రాగడాన్ని అనుమతిస్తూనే హద్దు మీరడాన్ని వారించింది. పండితులు ఇక్కడ ఒక భేదం చూపుతారు. ధర్మసమ్మతమైన వస్తువును అవసరానికి మించి వాడటం ఇస్రాఫ్. అసలు ఖర్చు పెట్టకూడని చోట పెట్టడం తబ్జీర్. మనిషి ఉన్న గదిలో అవసరం లేని రెండో బల్బు మొదటి కోవకు వస్తే, మనిషే లేని గదిలో తిరిగే ఫ్యాను రెండవ దానికి దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాము. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. ఇంతకు మించిన గణితం అవసరం లేదు. మన పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లది. మే నెలలో మూడు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 101 యూనిట్లు. 180 వాట్ల కూలరు రోజుకు పన్నెండు గంటలు నడిస్తే 65 యూనిట్లు. ఫ్రిజ్ రోజుకు యూనిట్టుకు కాస్త పైన, నెలకు 36 అనుకోండి. మొత్తం 202. ఇందులో బల్బులు లేవు, టీవీ లేదు, మిక్సీ లేదు, నీళ్ళ మోటారు లేదు. ఏసీ లేని సామాన్య గృహం కూడా ఎండాకాలంలో 200 గీతను ఎలా దాటుతుందో చూశారు కదా!

ఆ గీత దాటితే పరిస్థితి ఏమిటో చాలామందికి తెలియదు. దాటిన యూనిట్లకు మాత్రమే డబ్బు కట్టాలని అనుకుంటారు. అది పొరపాటు. ఆ నెల సున్నా బిల్లు పోయి, మొత్తం యూనిట్లకూ బిల్లు వస్తుంది. 2022లో విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన రేట్లలో, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు ఒక్కొక్కటి 5 రూపాయల 10 పైసలు, ఆపై వంద యూనిట్లు 7 రూపాయల 70 పైసలు. అంటే 205 యూనిట్లు కాలిన ఇంటికి 1,058 రూపాయలు, దానిపై ఇతర ఛార్జీలు. ఐదు యూనిట్ల అజాగ్రత్తకు ఇంత మూల్యం. మా ఎరుకలో ఒక విధవరాలైన సోదరి, బీడీలు చుట్టి పిల్లలను సాకుతున్నది. ఒక మే నెలలో ఆమెకు ఇలాగే బిల్లు వచ్చింది. కట్టలేక, ఎవరికీ చెప్పుకోలేక, రెండు నెలలు మోసి, చివరకు లైను కోస్తామన్నప్పుడు మా ఇంటికి వచ్చింది. మీటరు చూడటం ఆమెకు ఎవరూ నేర్పలేదు. మేము కూడా అంతవరకు నేర్పలేదు. ఈ ప్రసంగం వ్రాయడానికి అది ఒక కారణం.

కాబట్టి పదిహేనవ రోజున మీటరు చూడండి. బిల్లు మీద ఉన్న పోయిన నెల రీడింగును నేటి రీడింగు నుండి తీసివేస్తే వచ్చేది ఇప్పటివరకు వాడినది. అది 100 దాటితే మిగతా పదిహేను రోజులు చేయి బిగించాలి. ఎక్కడ బిగించాలన్నదే ప్రశ్న. ఫోను ఛార్జరు తీసివేస్తే మిగిలేది స్వల్పం, అది నిప్పు ప్రమాదం తప్పించడానికే ముఖ్యం. అసలు మింగేవి వేడిచేసేవి, చల్లబరిచేవి, ఎక్కువ గంటలు తిరిగేవి. ఒక బకెట్టు నీళ్ళు హీటరు రాడ్‌తో గోరువెచ్చగా కావడానికి మూడో వంతు యూనిట్టుకు పైనే పోతుంది. ఆరుగురు ఉన్న ఇంట్లో చలికాలంలో అది నెలకు అరవై యూనిట్లు దాటుతుంది. డాబా మీద నల్లటి డ్రమ్ములో నీళ్ళు ఎండకు పెడితే మధ్యాహ్నం గుస్ల్‌కు రాడ్ అవసరమే ఉండదు. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లది. రోజుకొక చొక్కాకు పెట్టే బదులు వారానికొకసారి, జుమాకు ముందు రోజు అన్నీ కలిపి చేసుకుంటే పెట్టె మళ్ళీ మళ్ళీ వేడెక్కే ఖర్చు తప్పుతుంది.

ఫ్యాను గురించి ఇంకొంత చెప్పాలి. ఎందుకంటే మన ఇళ్ళలో ఏడాదిలో తొమ్మిది నెలలు తిరిగేది అదే. బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు సుమారు 30 వాట్లతోనే అంతే గాలి ఇస్తాయి. పైన చెప్పిన లెక్కలో ఒక్క ఫ్యాను మార్చితే నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతాయి. ధర రెండున్నర, మూడు వేలు. అందరూ ఒకేసారి కొనలేరు. ఎక్కువ గంటలు తిరిగే గదిలో ఒకటి చాలు. కానీ వడ్డీ కట్టే వాయిదాల మీద మాత్రం కొనకండి. ఇస్రాఫ్ నుండి తప్పించుకోవడానికి సూద్‌లోకి దిగడం మేము ఒప్పుకోము. నలుగురు స్నేహితులు నెలకు కొంత వేసుకొని వంతుల వారీగా కొనుక్కోవడం మన బస్తీలకు కొత్త కాదు. పాత డబ్బా రెగ్యులేటరు ఉన్నవారు ముందు దానిని మార్చండి. వేగం తగ్గించినా అది మిగులును వేడిగా పారబోస్తుంది.

ఇంటి పైకప్పుకు సున్నం కొట్టడం మన పెద్దలు ఎరిగిన పనే. స్లాబు తెల్లగా ఉంటే ఎండ వెనుకకు పోతుంది, గది చల్లబడుతుంది, కూలరు గంటలు తగ్గుతాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చినది కూడా ఈ సూత్రం మీదనే. ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల వద్ద పెట్టి, తోడుగా ఫ్యాను వేసుకోవాలి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. పదహారు మీద పెట్టి దుప్పటి కప్పుకునే వారిని చూసి మేము నవ్వాలో ఏడ్వాలో తెలియక ఊరుకున్నాము. స్తోమత గలవారికి ఇంటి మీద సోలారు పలకలు మంచి మార్గం. 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల వాటికి 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. వంటగ్యాసుకు పప్పు నానబెట్టడం, మూత పెట్టడం, మంట గిన్నె అడుగు దాటకుండా చూడటం చాలు.

ఈ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్ళి ఆడవారికి చదివి వినిపించండి. కానీ వారికి వినిపించి మీరు తప్పుకోవద్దు. మోటారు వేసి మరచిపోయేది, మ్యాచ్ చూస్తూ టీవీ ముందే నిద్రపోయేది సాధారణంగా ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు.

మరొక హెచ్చరిక. పొదుపు పేరున పిసినారితనం తగదు. అల్ ఫుర్ఖాన్ సూరా (67) కరుణామయుని దాసులను దుబారాకూ లోభత్వానికీ నడుమ నడిచేవారిగా వర్ణించింది. ముసలి తల్లి గదిలో ఫ్యాను కట్టేసేవాడు, చదువుకునే పిల్ల దగ్గర బల్బు తీసేసేవాడు పొదుపరి కాడు. ముందు నీ ఏసీ తగ్గించుకో, తరువాత అమ్మ ఫ్యాను సంగతి చూద్దాము.

ఇప్పుడు మా ఇంటి సంగతి, అంటే అల్లాహ్ ఇంటి సంగతి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని, ఒక సా నుండి ఐదు ముద్ద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్ద్ అంటే సుమారు లీటరుకు మించని కొలత. మన వుజూఖానాలో కుళాయి పూర్తిగా తిప్పి, పక్కవారితో మాట్లాడుతూ కాళ్ళు కడిగే సోదరుడు దానికి ఎన్ని రెట్లు పారిస్తాడో కింద బకెట్టు పెట్టి చూడండి. ఆ నీరు బోరు నుండి మోటారు తోడినది. ఒక హెచ్‌పీ మోటారు గంటకు ముప్పావు యూనిట్ తింటుంది. మస్జిద్ బిల్లు చందాతో నడుస్తుంది. ట్యాంకు నిండి పొర్లిపోతుంటే పారేది నీళ్ళు మాత్రమే కాదు, బండి మీద పండ్లు అమ్మి పది రూపాయలు డబ్బాలో వేసిన వాని చందా కూడా పారుతున్నది. జమాఅత్ అయిన తరువాత ఇద్దరు నఫిల్ చదువుకుంటుంటే హాలంతా ఇరవై ఫ్యాన్లు తిరగనవసరం లేదు. ఆ ఇద్దరూ ఒక ఫ్యాను క్రిందికి జరగవచ్చు.

ఇంతవరకు చెప్పినది దుబారా. ఇక చెప్పబోయేది అంతకంటే బరువైనది. మేము చెప్పడానికి సిగ్గుపడుతున్నాము.

కొన్నేళ్ళ క్రితం మేము ఇమామత్ చేస్తున్న ఒక చోట, రమజాన్‌లో మస్జిద్ వీధికి రంగు దీపాలు కట్టారు. తరావీహ్‌కు వచ్చేవారంతా చూసి మురిసిపోయారు. మూడవ రాత్రి మేము గమనించాము, తీగ మస్జిద్ మీటరు నుండి రాలేదు. వీధి స్తంభం మీద నేరుగా కొండీ తగిలించారు. కుర్రవాళ్ళు ఉత్సాహంగా చేసిన పని. పండుగ రోజులు, ఎందుకు గొడవ అనుకొని మేము నోరు మూసుకున్నాము. ఆ దీపాల క్రింద నడిచి వచ్చి, మిహ్రాబ్‌లో నిలబడి, హలాల్ సంపాదన గురించి చెప్పాము. ఇరవై ఏడవ రాత్రి దుఆలో మాకు గొంతు పెగలలేదు. ఎందుకో వెనుకనున్న వారికి తెలియదు.

ఖైబర్ యుద్ధం నుండి తిరిగి వస్తుండగా ఒక సేవకుడు ఎక్కడి నుండో వచ్చిన బాణం తగిలి మరణించాడు. అతడు ధన్యుడు, షహీద్ అయ్యాడు అని సహచరులు అన్నారు. దైవప్రవక్త (స) కాదన్నారు. పంపకానికి ముందు విజయసొత్తులో నుండి అతడు తీసుకున్న దుప్పటి అతనిపై మంటగా మండుతున్నదని తెలిపారు. అది విన్న ఒక వ్యక్తి తాను తీసుకున్న చెప్పుల వారు తెచ్చి అప్పగించాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ సంఘటనలో పోయినది ఒక దుప్పటి, ఒక వారు. అందరి సొత్తు కనుక అంత తీవ్రత.

కొండీ వేయడం, మీటరుకు పక్కదారి పెట్టడం దొంగతనమే. 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ క్రింద దీనికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. “ప్రభుత్వం మనకేమి చేసింది” అన్న జవాబు ఖియామత్ నాడు చెల్లదు. ఒకే పొయ్యి గల కుటుంబం రెండు కాపురాలుగా చూపించి, రెండవ మీటరు తీసుకొని రెండు సున్నా బిల్లులు పొందడం అబద్ధపు వాంగ్మూలం. నిజంగా వేరు కాపురం ఉన్నవారి విషయం వేరు, వారు నిశ్చింతగా తీసుకోవచ్చు. అద్దె వాటాకు సున్నా బిల్లు వస్తుంటే కిరాయిదారు నుండి యూనిట్టుకు ఇంత అని వసూలు చేస్తున్న యజమానుల గురించి కూడా మాకు ఫిర్యాదులు వచ్చాయి. పథకం కిరాయిదారులకూ వర్తిస్తుంది. లేని బిల్లు పేరున తీసుకున్న ప్రతి రూపాయీ వారిదే, వారికి తిరిగి ఇవ్వవలసినదే.

దొంగ కరెంటుతో వెలిగిన దీపం క్రింద చదివిన నమాజు సంగతేమిటని కొందరు అడుగుతారు. ఆక్రమించిన స్థలంలో నమాజు గురించి ఫుఖహాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అది పాపమన్న దానిలో మాత్రం భేదం లేదు. ఆ చర్చలోకి వెళ్ళే బదులు తౌబా ఎలా చేయాలో అడగడం మేలు.

అల్లాహ్ హక్కు విషయంలో తౌబాకు మూడు షరతులు: ఆ పని మానుకోవాలి, పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. దాసుల హక్కు అయితే నాలుగవది కూడా ఉన్నది, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. కనుక ముందు తీగ తీయండి. మీటరు లేనివారు విద్యుత్ కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు చేసుకోండి. గడచిన కాలానికి అంచనా వేసి, చెల్లించే దారి ఉన్నంత మేర ఆ శాఖకే చెల్లించండి. ఆ దారి దొరకకపోతే అంత సొమ్మును పుణ్యం ఆశించకుండా పేదల కోసం, ప్రజా ప్రయోజనం కోసం వదిలించుకోవాలని పండితులు చెబుతారు. అది సదఖా కాదు, మెడ మీది బరువు దించుకోవడం.

పోయిన ఏడు ఇషా తరువాత ఒక సోదరుడు ఒక నోటు పుస్తకం కాగితంతో వచ్చాడు. దాని మీద రెండు ఫ్యాన్లు, ఒక కూలరు, ఒక బల్బు అని వ్రాసి, పక్కన ఎన్ని నెలలో కూడా వ్రాసుకొని వచ్చాడు. మేమిద్దరం వరండాలో ఒక్క బల్బు క్రింద కూర్చొని గంటలు, వాట్లు గుణించాము. మొత్తం చూసి అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక్కసారి కట్టలేనని, నెలకు మూడు వందల చొప్పున కడతానని అన్నాడు. మేము మా రమజాన్ దీపాల లెక్క కూడా ఆ కాగితం వెనుక వైపున వేసుకున్నాము. అతడు లేచి వెళ్ళేటప్పుడు వరండా స్విచ్ తానే కట్టేశాడు.